హైన్రిష్ కారో అసలు ఏం చేశాడు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మావ్ అనే కృత్రిమ ఊదారంగు కనిపెట్టిన ఇంగ్లీషు కెమిస్టు పెర్కిన్ పేరు డిగ్రీ పుస్తకాల్లో ఉంది, జర్మన్ కెమిస్టు హైన్రిష్ కారో పేరు లేదు. వెతికితే ఒకచోట జర్మన్ రంగుల కంపెనీ బీఏఎస్ఎఫ్ స్థాపకుడని, ఒకచోట మిథిలీన్ బ్లూ కనిపెట్టాడని, ఇంకోచోట కంపెనీ మేనేజరని ఉంది. ఏది నిజం? ఆయన అంత ముఖ్యుడా?

స్థాపకుడన్నది తప్పు. బీఏఎస్ఎఫ్‌ను 1865లో మాన్‌హైమ్‌లో పెట్టింది ఫ్రీడ్రిష్ ఎంగెల్‌హార్న్. ఆయన కంసాలి పని నేర్చుకుని, తర్వాత బొగ్గు గ్యాసు వ్యాపారంలోకి దిగినవాడు. గ్యాసు తీశాక అడుగున మిగిలే తారుతో డబ్బు చేసుకోవచ్చన్న ఆశే ఆయన్ని రంగుల్లోకి దింపింది. ఫ్యాక్టరీ మాత్రం రైన్ నదికి అవతలి ఒడ్డున, లుడ్విగ్స్‌హాఫెన్‌లో లేచింది. కారో చేరింది మూడేళ్ల తర్వాత, 1868లో. మిథిలీన్ బ్లూ సంగతీ, మేనేజరు సంగతీ నిజమే గానీ ఆ రెండూ కలిపినా మనిషి పూర్తిగా కనబడడు.

నేను చాలా ఏళ్లు డై ఇంటర్మీడియేట్లు, అంటే రంగు తయారీలో మధ్య దశ రసాయనాలు, చేసే ప్లాంట్లలో పనిచేసి, ఆ తర్వాత టెక్స్‌టైల్ కెమిస్ట్రీ పాఠం చెప్పినవాణ్ని. నా లెక్కలో కారో గొప్పతనం ఏదో ఒక రంగులో లేదు. ప్రొఫెసరు ల్యాబులో గ్రాముల్లో పుట్టినదాన్ని ప్లాంట్‌లో టన్నుల్లో తీయించడం, దానికి పేటెంటు రాయించడం, చివరికి అద్దకంవాడి చేతిలో గుడ్డ మీద నిలబెట్టడం, ఈ మొత్తం దారిని ఒక్క మనిషి బాధ్యతగా నడిపినవాళ్లలో ఆయన మొదటి వరసలో ఉంటాడు. ఇవాళ ప్రతి కెమికల్ కంపెనీలో ఆర్ అండ్ డీ హెడ్ అని ఒక కుర్చీ ఉంటుంది. ఆ కుర్చీ తయారవుతున్నప్పుడే అందులో కూర్చున్నవాడు కారో.

ఇక మొదటి నుంచి వద్దాం. 1834 ఫిబ్రవరి 13న పోజెన్‌లో, అంటే ఇప్పటి పోలెండ్‌లోని పోజ్నాన్‌లో, ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే ఇంటిల్లిపాదీ బెర్లిన్ చేరారు. అక్కడ పరిశ్రమల చదువు చెప్పే గెవెర్బె ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, 1855లో మ్యూల్‌హైమ్ అనే ఊళ్లో ట్రూస్ట్ వాళ్ల కాలికో ప్రింటింగ్ మిల్లులో, అంటే నూలుగుడ్డ మీద అచ్చులు వేసే చోట, రంగుల పనికి కుదిరాడు. ఆయన జీవితం రాసేవాళ్లు చాలామంది ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. నాకైతే మొత్తం కథకు తాళంచెవి ఇక్కడే ఉంది.

ఎందుకంటే 1855లో చెప్పుకోదగ్గ సింథటిక్ రంగు అనేదే లేదు. మిల్లులో ఉన్నవన్నీ మంజిష్ఠ వేరు, నీలిమందు, లాగ్‌వుడ్ చెక్క, కొచినీల్ పురుగు. రంగు అమ్మేవాడు ఏం చెప్పినా ప్రింటింగ్ మేస్త్రి నమ్మడు. గుడ్డకు పట్టించి, సబ్బునీళ్లలో ఉడికించి, ఎండలో వారం ఆరేసి అప్పుడు మాట్లాడతాడు. సీసాలో మెరిసిపోయే పొడి నూలు మీద నిలవకపోతే అది వాడి దృష్టిలో రంగే కాదు. కారో ఈ బడిలో పెరిగాడు. తర్వాతి రోజుల్లో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు పంపిన శాంపిళ్లను ఆయన ముందు గుడ్డ మీద చూసేవాడు, ఫార్ములా సంగతి ఆ తర్వాత.

1857లో మిల్లువాళ్లే ఆయన్ని ఇంగ్లండ్ పంపారు, అక్కడి ప్రింటింగ్ పద్ధతులు చూసి రమ్మని. ఆ ముందు ఏడాదే పెర్కిన్ కుర్రవాడు కోలుతారు సరుకైన అనిలిన్ నుంచి మావ్ తీశాడు. కారో తిరిగొచ్చి సైనిక సేవ ముగించుకుని, 1859లో మళ్లీ మాంచెస్టర్ వెళ్లి రాబర్ట్స్, డేల్ అండ్ కంపెనీలో చేరాడు. పెర్కిన్ పద్ధతిలో అనిలిన్‌ను పొటాషియం డైక్రోమేట్‌తో ఆక్సిడైజ్ చేస్తే వచ్చేది ముక్కాలు మువ్వీసం నల్లటి బురద. అందులోంచి కాస్త ఊదారంగు కడిగి తీయాలి. కారో డైక్రోమేట్ బదులు రాగి లవణం వాడి మావ్ తీసే దారి పట్టుకున్నాడు. డేల్‌తో కలిసి 1860లో దానికి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత ఆ కంపెనీలో భాగస్తుడయ్యాడు. మీరు వ్యాపారవేత్త అన్న మాట వాడదలిస్తే అది బాగా అతికేది ఈ మాంచెస్టర్ రోజులకే.

అక్కడే ఆయనకు ఇద్దరు ముఖ్యమైన స్నేహితులు దొరికారు. ఒకడు కార్ల్ అలెగ్జాండర్ మార్టియస్, 1863లో అదే కంపెనీకి వచ్చాడు. మాంచెస్టర్ బ్రౌన్, అంటే తర్వాత బిస్మార్క్ బ్రౌన్ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కిన గోధుమరంగు, మార్టియస్ ఎల్లో, ఇవి అక్కడ పుట్టినవే. మార్టియస్ బెర్లిన్ తిరిగెళ్లి పౌల్ మెండెల్సోన్ బార్తోల్డీతో కలిసి పెట్టిన సంస్థే తర్వాత ఆగ్ఫా అయింది. రెండోవాడు పీటర్ గ్రీస్. చాలా కృత్రిమ రంగులకు మూలమైన డయజో సమ్మేళనాలు కనిపెట్టిన ఈయన బర్టన్ అపాన్ ట్రెంట్‌లో ఒక బీరు ఫ్యాక్టరీలో కెమిస్టు. పగలు బీరు నాణ్యత చూసేవాడు, తీరిక దొరికితే డయజో. మన ప్లాంట్లలో ఇవాళ్టికీ అర్ధరాత్రి షిఫ్టులో ఐసు దిమ్మలు పగలగొట్టి వెసెల్‌లో పోసి, టెంపరేచరు 5 డిగ్రీలు దాటకుండా చూసుకుంటూ, స్టార్చ్ అయొడైడ్ కాగితం నీలం తిరిగిందా లేదా అని నైట్రైట్ చుక్క చుక్కగా వదులుతామే, ఆ పని అంతటికీ మూలపురుషుడు గ్రీస్. ఆయన ఉత్తరాల్లోని రసాయనాన్ని రంగుగా మార్చి అమ్మకానికి తెచ్చిన దారుల్లో కారో ఒక పెద్ద దారి.

1866లో కారో జర్మనీ తిరిగొచ్చేశాడు. అంతకు ఏడాది ముందే లండన్‌లో కెమిస్ట్రీ పాఠం చెబుతున్న పెర్కిన్ గురువు హోఫ్‌మన్ కూడా బెర్లిన్ వెళ్లిపోయాడు. పెర్కిన్ ఏమో 1874లో ఫ్యాక్టరీ అమ్మేసి పరిశోధనకే అంకితమయ్యాడు. ఇంగ్లండ్ రంగుల పరిశ్రమ ఎందుకు చతికిలపడిందని వంద కారణాలు చెబుతారు. పనితెలిసిన మనుషులు వెళ్లిపోవడం అందులో చిన్నదేం కాదు. కారో కొంతకాలం హైడెల్‌బర్గ్‌లో బున్సెన్ ల్యాబులో పనిచేసుకుని, 1868లో బీఏఎస్ఎఫ్‌లో కుదురుకున్నాడు.

ఇప్పుడు అలిజరిన్. ఆయన చేసినవాటిలో ఒక్కటే చెప్పమంటే నేను ఇదే చెబుతాను, మిథిలీన్ బ్లూ కాదు.

మంజిష్ఠ జాతి వేరులో ఎర్రరంగు నిచ్చే పదార్థం అలిజరిన్. ఐరోపాలో మాడర్ అనే మొక్కను దీనికోసమే వేల ఎకరాల్లో పండించేవాళ్లు, ముఖ్యంగా దక్షిణ ఫ్రాన్స్‌లో, హాలండ్‌లో, టర్కీలో. మన కోరమాండల్ తీరంలో ఇదే పని చేసింది చిరివేరు. కృష్ణా డెల్టా ఇసుక నేలల్లో పెరిగిన చిరివేరుకు, అందులోనూ పాత డచ్చి, ఇంగ్లీషు రికార్డుల్లో పెటపోలీ అని రాసే నిజాంపట్నం వైపు వేరుకు, 17వ శతాబ్దంలోనే గొప్ప పేరు. మచిలీపట్నం అద్దకాల ఎరుపు ఖండాంతరాలు దాటింది ఈ వేరు పుణ్యమే. అందులో ఉన్నదీ అలిజరినే.

1868లో బెర్లిన్‌లో ప్రొఫెసరు అడాల్ఫ్ బాయర్ ల్యాబులో గ్రేబె, లీబెర్మన్ అనే ఇద్దరు యువకులు అలిజరిన్‌ను జింకు పొడితో కలిపి వేడిచేశారు. ఆంత్రసీన్ వచ్చింది. అంటే కోలుతారులో చవగ్గా పడి ఉండే ఆంత్రసీన్ నుంచి ఎదురుదారిలో వెళితే అలిజరిన్ రావాలి. వెళ్లారు, వచ్చింది కూడా. ఒక మొక్క ఇచ్చే రంగును మనిషి మొదటిసారి ల్యాబులో కట్టాడు. అయితే వాళ్ల దారిలో బ్రోమిన్ వాడాలి. బ్రోమిన్ ధరకు తయారైన రంగు వేరు రంగు కంటే ఎంతో ఖరీదు. ల్యాబులో విజయం, అంగట్లో సున్నా. ఇలాంటి ప్రాజెక్టులు నా ఉద్యోగంలో బీరువాల నిండా చూశాను.

వాళ్లు దాన్ని బీఏఎస్ఎఫ్‌కు తెచ్చారు. బ్రోమిన్ తీసేసి సల్ఫ్యూరిక్ ఆసిడ్ పెట్టడం కారో పని. ఆంత్రసీన్ నుంచి ముందుగా వచ్చే ఆంత్రక్వినోన్ మొండిది. మామూలు వేడిలో ఆసిడ్‌కు లొంగదు. ఇక్కడో కథ ప్రచారంలో ఉంది: కారో ఆంత్రక్వినోన్‌ను ఆగ్జాలిక్ ఆసిడ్, సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లతో పింగాణీ గిన్నెలో వేడిచేస్తుంటే ఎవరో పిలిచారట, బయటికెళ్లి మాటల్లో పడ్డాడట. వచ్చేసరికి దీపం మండుతూనే ఉంది, గిన్నె మాడిపోయింది, మాడిన అంచున గులాబీ చార. ఎవరైనా గిన్నె తోమేసేవాళ్లు. ఆయన ఆ చార ఏమిటో చూశాడు. ఎక్కువ వేడిలో సల్ఫోనేషన్ జరిగిందని, అంటే ఆసిడ్ ముక్క ఆ అణువుకు అతుక్కుందని అర్థమైంది. ఆ సల్ఫోనిక్ ఆసిడ్‌ను కాస్టిక్ సోడాతో కరిగిస్తే అలిజరిన్. కథలో ఎంత పాలు నిజమో గానీ, కెమిస్ట్రీ మాత్రం అక్షరాలా అదే.

1869 జూన్ 25న కారో, గ్రేబె, లీబెర్మన్‌ల దరఖాస్తు లండన్ పేటెంటు ఆఫీసులో పడింది. ఇంచుమించు అదే పద్ధతికి పెర్కిన్ దరఖాస్తు జూన్ 26న పడింది. ఒక్క రోజు తేడా! కోర్టుకెక్కి ఉంటే ఇద్దరూ మునిగేవాళ్లు. మాట్లాడుకుని రాజీపడ్డారు: ఇంగ్లండ్ మార్కెట్టు పెర్కిన్‌కు, మిగతాది బీఏఎస్ఎఫ్‌కు. పెర్కిన్ 1870లో 40 టన్నులు, 1871లో 220 టన్నులు చేశాడంటే గిరాకీ ఎలా ఉందో ఊహించండి. పదేళ్లు గడిచేసరికి మాడర్ సాగు కుదేలైంది. మాడర్ రైతులను ఆదుకోవడానికే ఫ్రెంచి సైన్యానికి ఎర్ర ప్యాంట్లు పెట్టారని అంటారు. చివరికి ఆ ప్యాంట్లకే జర్మన్ అలిజరిన్ అద్దే రోజొచ్చింది.

మన వైపు చిరివేరు తవ్వేవాళ్ల బతుకూ ఈ దెబ్బకే పోయింది. అయితే అద్దకం పోలేదు, అదే విచిత్రం. ఇవాళ పెడనలో అచ్చు కలంకారీ వేసే షెడ్డుకు వెళితే చూడొచ్చు. గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. పటిక, జిగురు కలిపిన ముద్దతో అచ్చు వేస్తారు. అప్పుడు ఎరుపేం ఉండదు, అచ్చు పడిన చోటు కంటికి సరిగా ఆనదు కూడా. కాలువ నీళ్లలో జాడించి, రాగి డేగిసాలో అలిజరిన్ వేసి మరిగిస్తారు. కర్రలతో గుడ్డను తిప్పుతూ ఉంటే పటిక పడిన చోటల్లా ఎరుపు పొంగుతుంది, తక్కిన చోట తెలుపు మిగిలిపోతుంది. అల్యూమినియం అయానూ అలిజరినూ గుడ్డలోనే చెయ్యి కలుపుకుని కరగని ముద్దగా మారిపోతాయి, అందుకే ఉతికినా పోదు. వేరు పోయి పొడి వచ్చినా పద్ధతిలో ఒక్క మెట్టు మారలేదు, ఎందుకంటే లోపలి అణువు ఒకటే. చీరాలలో పుట్టిన తేలియా రుమాలుదీ అదే వరస. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో మళ్లీ మళ్లీ నానబెట్టి, ఆ తర్వాత అలిజరిన్ ఎరుపు ఎక్కిస్తారు. ఐరోపావాళ్లు టర్కీ ఎరుపు అని గొప్పగా చెప్పుకున్నదాని కిటుకు కూడా ఆ నూనె, క్షారాల దగ్గరే ఉంది. కాబట్టి మన నేతగాళ్ల చేతిలోకి కారో 19వ శతాబ్దం చివర్లోనే వచ్చేశాడు, పేరు చెప్పకుండా.

అలిజరిన్ ఇంకో పని కూడా చేసింది. సల్ఫోనేషన్‌కు పొగలుకక్కే సల్ఫ్యూరిక్ ఆసిడ్, మేం ఓలియం అంటాం, బారెళ్లకు బారెళ్లు కావాల్సొచ్చింది. అప్పట్లో అది బొహీమియా నుంచి వచ్చేది, ఖరీదు. ఈ అవసరమే కాంటాక్ట్ ప్రాసెస్ అనే కొత్త ఆసిడ్ తయారీ పద్ధతి మీద బీఏఎస్ఎఫ్ డబ్బు పెట్టడానికి పెద్ద కారణం. దాన్ని పూర్తిస్థాయికి తెచ్చినవాడు అక్కడి కెమిస్టు క్నీచ్. రంగు కోసం మొదలైన ఆసిడ్ ఎరువుల ఫ్యాక్టరీలకు పునాది అయింది.

తర్వాతి ఘట్టం ఈయోసిన్. 1871లో బాయర్ ఫ్లోరెసీన్ చేశాడు. చూడ్డానికి పచ్చగా వెలుగుతుంది గానీ గుడ్డకు పనికిరాదు. కారో దానికి బ్రోమిన్ ఎక్కించాడు. పట్టు మీద పసుపు మెరుపుతో కూడిన గులాబీ వచ్చింది, 1874లో ఈయోసిన్ పేరుతో మార్కెట్లోకి వచ్చి ఊపేసింది. కొన్నిచోట్ల ఈయోసిన్ బాయర్‌ది అని రాస్తారు. పునాది బాయర్‌ది, ఇల్లు కారోది అనుకోండి.

ఇక్కడ ఆయనకు తగిలిన దెబ్బ చెప్పాలి. అప్పట్లో జర్మనీ మొత్తానికి వర్తించే పేటెంటు చట్టం లేదు. అలిజరిన్‌కు స్వదేశంలో గట్టి రక్షణ లేకపోవడంతో హోహ్‌స్ట్, బాయర్ కంపెనీ (ప్రొఫెసరు బాయర్‌ది కాదు, పేరు మాత్రమే కలిసింది) లాంటివాళ్లంతా చేయడం మొదలుపెట్టి ధర పడేశారు. అందుకని ఈయోసిన్ ఫార్ములాను రహస్యంగా దాచారు. హోఫ్‌మన్ దుకాణంలో దొరికే రంగు తీసుకుని విశ్లేషించి, 1875లో ఇదీ దీని నిర్మాణం అని అచ్చేశాడు. డయజో నుంచి వచ్చే కొన్ని అజో రంగుల విషయంలోనూ ఇదే జరిగింది. హోఫ్‌మన్ దృష్టిలో అది విజ్ఞానం, కంపెనీ దృష్టిలో దోపిడీ. ఇద్దరి వాదనా సబబే. కెమిస్ట్రీ అంతదాకా పెరిగాక ఫ్యాక్టరీ గోడల వెనక రహస్యం దాగదని మాత్రం తేలిపోయింది. 1877లో జర్మన్ పేటెంటు చట్టం వచ్చింది. రంగుకు కాకుండా తయారీ పద్ధతికి హక్కు ఇవ్వడం దాని కీలకం. అంటే అదే రంగుకు ఇంకో దారి కనుక్కుంటే నీదే. దాంతో ప్రతి కంపెనీ అన్ని దారులూ తానే ముందు వెతికిపెట్టుకోవాల్సొచ్చింది, కెమిస్టులను గుంపులుగా తీసుకోవాల్సొచ్చింది. మన దేశంలో 1970 చట్టం మందుల విషయంలో ఇదే సూత్రం పట్టుకున్నప్పుడు హైదరాబాద్ బల్క్ డ్రగ్ పరిశ్రమ ఎలా లేచిందో గుర్తు తెచ్చుకుంటే ఈ ముక్క ఇట్టే బోధపడుతుంది.

ఆ కొత్త చట్టం కింద కోలుతారు రంగుకు వచ్చిన తొలి పేటెంటుగా బీఏఎస్ఎఫ్ చెప్పుకునేది మిథిలీన్ బ్లూ. కారో దాన్ని 1876లో చేశాడు, పేటెంటు తేదీ 1877 డిసెంబరు 15. నూలుకు మంచి నీలం. అయితే అది గుడ్డల మీద సంపాదించిన పేరు ఎంతో, సూక్ష్మదర్శిని కింద సంపాదించిన పేరు దానికి పదింతలు.

1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని చూపించినప్పుడు ఆయన వాడిన రంగులు రెండు: మిథిలీన్ బ్లూ, వెసువిన్. వెసువిన్ అంటే మరేమిటో కాదు, పైన చెప్పిన బిస్మార్క్ బ్రౌనే. ఒకటి కారో సొంత రంగు, రెండోది ఆయన పాత కంపెనీ రంగు. ఆ క్రిమి అంతకు ముందూ ఉంది, రంగు లేక కనబడలేదు. జర్మన్ వైద్య పరిశోధకుడు పాల్ ఎర్లిష్ మిథిలీన్ బ్లూను బతికున్న నరాలకు పట్టించి చూశాడు. ఒక్కో కణం ఒక్కో రంగును ఎంచుకుని పట్టుకుంటుందంటే, క్రిమిని మాత్రమే పట్టుకునే మందు ఎందుకు ఉండకూడదన్న ఆయన ఆలోచనకు ఇలాంటి రంగులే ఆధారం. 1891లో గుట్మన్‌తో కలిసి మలేరియా రోగులకు మిథిలీన్ బ్లూ ఇచ్చి చూశాడు. రక్తంలో మెథిమోగ్లోబిన్ పేరుకుపోయి మనిషి నీలంగా మారితే ఆసుపత్రిలో ఇవాళ్టికీ ఎక్కించేది మిథిలీన్ బ్లూనే.

మీ ఊళ్లో ఏ చిన్న ల్యాబుకు వెళ్లినా సరే, రక్తం చుక్క గాజుపలక మీద పూసి లీష్మన్ స్టెయిన్ వేస్తారు. అది మిథిలీన్ బ్లూ, ఈయోసిన్‌ల కలయిక. బయాప్సీ ముక్కకు వేసే గులాబీ ఈయోసిన్. గళ్ల పరీక్షలో, అదే తెలంగాణలో తెమడ పరీక్ష అంటారు, ఎల్ఈడీ ఫ్లోరెసెంట్ మైక్రోస్కోపు ఉన్నచోట వాడేది ఆరమిన్. ఈ పసుపురంగు 1883లో కారో, బాసెల్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ కెర్న్‌ల చేతిలో పుట్టింది. అదే ఏడాది ఆ ఇద్దరూ ఫాస్జీన్ అనే విషవాయువుతో చేసిన పని నుంచి క్రిస్టల్ వయొలెట్ వచ్చింది. అది లేకుండా ఇవాళ బ్యాక్టీరియాను రెండు రకాలుగా విడదీసే గ్రామ్ స్టెయిన్ ఊహించలేం. లుంగీలకూ చీరలకూ అని చేసినవన్నీ ఇప్పుడు ల్యాబు టెక్నీషియన్ షెల్ఫులో వరసగా ఉన్నాయి. దీని కోసం కారో ప్రయత్నించలేదు కాబట్టి ఆయనకు పూర్తి మార్కులు వేయలేం గానీ, నమ్మకంగా ఒకే నాణ్యతలో సీసాల కొద్దీ దొరికే రంగు లేకపోతే కాక్ పనీ ఎర్లిష్ పనీ అంత త్వరగా సాగేవి కావు.

ఇంత పొగిడాక ఓడిన చోటూ చెప్పాలి. నీలిమందు. 1880లో బాయర్ ఇండిగో కృత్రిమ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు, బీఏఎస్ఎఫ్, హోహ్‌స్ట్ రెండూ హక్కులు కొన్నాయి. ఈ పథకం వెనక ముందుండి నడిపినవాడు కారో. 1883 ఆగస్టు 3న బాయర్, ఇండిగో అణువులో ప్రతి పరమాణువు స్థానమూ ప్రయోగంతో తేలిపోయిందని రాసిన ఉత్తరం కారోకే. కానీ ఆ దారిలో ముడిసరుకు ఖరీదు. గుడ్డ మీదే ఇండిగో పుట్టేలా ప్రొపియోలిక్ ఆసిడ్ అనే రూపంలో అమ్మి చూశారు. ధర ఎక్కువ, పైగా అందులో వాడే క్సాంథేట్ వల్ల గుడ్డకు పట్టిన కంపు వదలదు. మిల్లు మేస్త్రిగా మొదలైన మనిషికి ఇది ముందే తెలియాలి కదా అని నాకు అనిపిస్తుంది. బాయర్‌తో స్నేహమూ ఈ వ్యవహారంలో చెడింది.

చివరికి గెలిచింది వేరే దారి. 1890లో జ్యూరిక్‌లో హాయ్‌మన్ చూపిన పద్ధతిని, నాఫ్తలీన్ నుంచి మొదలుపెట్టి, హైన్రిష్ బ్రుంక్ నాయకత్వంలో బీఏఎస్ఎఫ్ ఏళ్ల తరబడి సాగదీసి 1897లో మార్కెట్‌కు తెచ్చింది. దాని మీద పెట్టిన ఖర్చు 1 కోటి 80 లక్షల మార్కులు. అప్పటికి కారో పదవిలో లేడు. మొక్కల నుంచి తీసే నీలి 1897లో సుమారు 19,000 టన్నులుంటే 1914 నాటికి 1,000 టన్నులకు పడిపోయింది. బీహారులో చంపారన్ రైతుల కథ అందరికీ తెలుసు. నీలి ధర కూలినప్పుడు తోటల దొరలు తమ నష్టాన్ని రైతుల కౌలు మీద రుద్దారు, ఆ గొడవే 1917లో గాంధీని అక్కడికి రప్పించింది. మద్రాసు ప్రెసిడెన్సీలో కడప, నెల్లూరు, కర్నూలు జిల్లాలు నీలికి పేరుపడ్డవి. అక్కడి నీలి తొట్లూ ఇదే దెబ్బకు ఎండిపోయాయి.

ఓటమిలో ఆయన స్వభావం పాత్ర కూడా ఉంది. కారో అన్నీ తన తలలో, తన చేతుల్లో పెట్టుకునే రకం. పనిని విడగొట్టి పదిమంది కెమిస్టులకు అప్పజెప్పి, వారం వారం రిపోర్టులు తీసుకునే పద్ధతి ఆయనకు పడలేదు. 1870లలో ఒక్క మనిషి రసాయన శాస్త్రం, పేటెంటు, అమ్మకం అన్నీ మోయగలిగాడు. 1890కి అది కుదరలేదు. బీఏఎస్ఎఫ్ పెద్ద పరిశోధనాశాల భవనం సరిగ్గా ఆయన డైరెక్టరు పదవి వదిలే సమయానికి లేచింది. దాన్ని నడిపింది మిథిలీన్ బ్లూ నిర్మాణం తేల్చిన బెర్న్‌ట్‌సెన్. కొత్త తరం పరిశోధన శాఖకు దారి వేసినవాడు అందులో ఇమడలేకపోయాడు. మన ప్లాంట్లలోనూ ఇలాంటి పెద్దాయన ఒకరు ఉంటారు, రియాక్టరు శబ్దం విని బ్యాచ్ ఎక్కడుందో చెప్పేస్తారు, లాగ్ బుక్ మాత్రం రాయరు.

ఈ రంగుల పరిశ్రమ ముదనష్టపు ముఖం కూడా దాచకూడదు. తొలి రోజుల్లో ఫుక్సిన్ ఎరుపు తీయడానికి ఆర్సెనిక్ ఆసిడ్ వాడేవాళ్లు, ఆ వ్యర్థాలు నేలలోకీ నదిలోకీ పోయేవి. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ లుడ్విగ్ రేన్, ఫుక్సిన్ పనివాళ్ల మూత్రాశయాల్లో కణితులు వస్తున్నాయని బయటపెట్టాడు. ఆరమిన్ తయారీ పని కూడా క్యాన్సర్ కారకమని ఇప్పుడు రూఢి అయింది. ఆ ఆరమిన్నే మనవాళ్లు మిఠాయిల్లో, శనగల్లో పసుపు మెరుపుకు కలిపి పట్టుబడుతుంటారు. 2024లో తమిళనాడు, పుదుచ్చేరి పీచు మిఠాయిని నిషేధించింది రోడమిన్ బీ వల్ల. అది 1887లో బీఏఎస్ఎఫ్‌లో సెరెసోల్ చేసిన రంగు, అంటే కారో రోజుల సరుకే. గుడ్డకు వేయాల్సినది నోట్లోకి పోతే తప్పు కెమిస్టుది అనను, కానీ ఈ పదార్థాలు పట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోమని నా దగ్గర పనిచేసిన ప్రతి కుర్రాడికీ విసిగించేంత చెప్పాను.

పదవి వదిలాక కారో మాన్‌హైమ్‌లోనే ఉన్నాడు. 1891లో జర్మన్ కెమికల్ సొసైటీలో కోలుతారు రంగుల పరిశ్రమ ఎలా ఎదిగిందో చెబుతూ ఇచ్చిన సుదీర్ఘ ఉపన్యాసం ఇప్పటికీ ఈ చరిత్ర రాసేవాళ్లు మొదట తెరిచేది. 1898లో, అరవై నాలుగేళ్ల వయసులో, ఇంట్లో ఊరికే కూర్చోలేక చేసిన ప్రయోగాల్లో ఒక బలమైన ఆక్సిడైజింగ్ ఆసిడ్ తేల్చాడు. పెరాక్సీమోనోసల్ఫ్యూరిక్ ఆసిడ్ అని పూర్తి పేరు, అందరూ కారోస్ ఆసిడ్ అనే అంటారు. దాని పొటాషియం లవణాన్ని భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో క్రిములు చంపడానికి బస్తాలకొద్దీ చల్లుతారు. 1910 సెప్టెంబరు 11న డ్రెస్డెన్‌లో చనిపోయాడు.

చివరగా, నెట్‌లో వెతికేటప్పుడు ఒక్క జాగ్రత్త. నికొడెమ్ కారో అని ఇంకో కెమిస్టు ఉన్నాడు, 1871లో పుట్టినవాడు, కాల్షియం కార్బైడ్ నుంచి సయనమైడ్ ఎరువు చేసే ఫ్రాంక్–కారో పద్ధతి ఆయనది. ఇద్దరినీ కలిపేసి రాసిన పేజీలు నేను చూశాను. రంగులు, కారోస్ ఆసిడ్ హైన్రిష్‌వి, ఎరువు నికొడెమ్‌ది. హైన్రిష్ కాగితాలు, ఉత్తరాలు మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. జర్మన్ చదవగలిగితే ముందు ఆ 1891 ఉపన్యాసంతో మొదలుపెట్టండి.